ఏడు నెలల జలుబు

మే 18, శనివారం

ఒంట్లో ఏ మార్పు కనిపించినా రాసుకోమంది డాక్టరమ్మ. స్కూల్లో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ జనవరి నుంచి ఖాళీగానే పడి ఉంది. ఇన్నాళ్లకు దానికో పని దొరికింది.

ఐదో నెల. ఇప్పటిదాకా జరిగినవి రాస్తాను. పాదాలు పెరిగాయి. వాపేమో అనుకున్నాను, కాదు, పెరిగాయి. ఐదో నంబరు చెప్పుల్లోంచి మడమ బయటికి వచ్చి కూర్చుంటోంది. నిన్న మా ఆయన ఆశీష్ చెప్పులు వేసుకుని మోండా మార్కెట్‌కి వెళ్లొచ్చాను, ఒక్కరూ గమనించలేదు. పెళ్లి ఉంగరం సబ్బు నురగ పెడితే గానీ రాలేదు, గొలుసులో వేసుకున్నాను. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. పొట్ట మీద నిలువునా నల్లటి గీత, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. జుట్టు మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఇంత ఒత్తుగా ఎప్పుడూ లేదు. పైన ఉండే ఓనరు భవాని అక్క మెట్ల మీద ఆపి మరీ అడిగింది.

"ఏం నూనె పెడ్తున్నవ్ చెల్లె? జెర నాగ్గూడ చెప్పు."

"నూనె కాదక్కా, కడుపుతో ఉన్నందుకు."

"గట్లనా. అయితే నాకొద్దు తియ్" అని పైకి వెళ్లిపోయింది.

సాయంత్రం చర్చిలో క్వయర్ ప్రాక్టీసు. పై స్వరాల దగ్గర గొంతు గరగరలాడింది. జలుబు చేసినట్టుంది.

జూన్ 15, శనివారం

స్కూలు తెరిచారు. ఒకటో తరగతి పిల్లలకి ఎలుగుబంటి కథ చెప్పాను. అయిపోగానే "మళ్లీ ఆ ఎలుగుబంటి గొంతుతో చెప్పండి మేడమ్" అన్నారు. నేను ఎలుగుబంటి గొంతు పెట్టనేలేదు.

క్వయర్ ప్రాక్టీసులో పై సొ, అన్నిటికన్నా పై స్వరం, అందలేదు. అంటే అందింది, కానీ పక్కనుంచి వెళ్లింది. క్వయర్ నడిపే సామ్యూల్ సార్ హార్మోనియం ఆపి కళ్లద్దాల పైనుంచి చూశారు.

"జలుబు సార్" అన్నాను.

"ఆవిరి పట్టమ్మా. క్రిస్మస్‌కి ఇంకా బోలెడు టైముంది" అన్నారు.

టైముంది, నిజమే. డెలివరీ అక్టోబరు మొదట్లో. క్రిస్మస్ సోలో మీద నాకేం భయం లేదు. పదకొండేళ్లుగా ఆ సోలో నాదే. సోలో పుస్తకం కూడా పదకొండేళ్లుగా మా ఇంట్లోనే ఉంది. చేత్తో రాసిన పాత నొటేషన్ పుస్తకం అది, ఎవరు సోలో పాడితే ఏడాదంతా వాళ్లింట్లో ఉంటుంది. పుస్తకం చేతికొచ్చిన వాళ్లు పాత అట్ట మీదే కొత్త అట్ట వేసుకుంటారు, తీయరు. తీస్తే కుట్టు ఊడుతుందని సామ్యూల్ సార్ భయం. చివరి పేజీలో పై సొ మీద ఎనిమిది లెక్కలు, అంటే ఎనిమిది దాకా లెక్కపెట్టేంతసేపు, ఒకే ఊపిరితో నిలబడాలి. దాని ముందు ఎవరో పెన్సిల్‌తో 'ఇక్కడ ఊపిరి, భయపడకు' అని రాశారు. పదిహేడేళ్ల వయసు నుంచి నేను ఊపిరి తీసుకునేది అక్కడే.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య మిరియాల పాలు కాచి పెట్టింది. అత్తయ్య కూడా క్వయర్‌లోనే ఉంది, నాది పై స్వరాల సొప్రానో, ఆవిడది కింది స్వరాల ఆల్టో. ఆల్టో అంటే పైన మేం పాడుతుంటే కింద నేల తుడవడం లాంటిదని ఒకసారి ఆశీష్‌తో అన్నాను. తను వెళ్లి వాళ్లమ్మకి చెప్పాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది.

జూలై 6, శనివారం

కొరియర్ అబ్బాయి ఫోన్ చేశాడు. నేను హలో అనగానే "సార్, మేడమ్ ఉన్నారా" అన్నాడు.

ఆశీష్ పడీ పడీ నవ్వాడు. పొద్దున్నుంచీ "సార్, టీ తాగుతారా" అంటున్నాడు. మొదటి రెండుసార్లు నవ్వాను. మూడోసారి ఏడ్చాను. దానికి కూడా హార్మోన్లే కారణమట, ఆయనగారు ఫోన్లో చదివి చెప్పారు.

జూలై 7, ఆదివారం

జలుబే.

ఆగస్టు 14, బుధవారం

చెకప్. అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకెళ్లాను. చంకల్లో నలుపు, మెడ మీద చిన్న చిన్న పులిపిర్లు, రాత్రి ముక్కు దిబ్బడ, అరచేతులు ఎర్రబడటం, కాళ్ల పిక్కలు పట్టేయడం, ఉల్లిపాయ వేగుతుంటే వాంతి రావడం, అదే ఉల్లిపాయ పచ్చిది తినాలనిపించడం. డాక్టరమ్మ ఒక్కోదానికీ "మామూలే" అంది. ఇన్ని విచిత్రాలు మామూలైనప్పుడు నాకెవరూ ముందుగా ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే ఎవరు నమ్ముతారమ్మా" అంది.

గొంతు సంగతి అడగలేదు. జలుబుకి గైనకాలజిస్టు ఎందుకు.

ఆగస్టు 31, శనివారం

డెలివరీకి ముందు ఇదే ఆఖరి ప్రాక్టీసు. నిలబడి పాడితే ఆయాసం, కూర్చుంటే పొట్ట మీద పుస్తకం నిలుస్తుంది, అదొక్కటే సుఖం.

నేను లేనన్ని రోజులు సోలో ఆలిస్ నేర్చుకుంటుందన్నారు సామ్యూల్ సార్. ఆలిస్‌కి పద్దెనిమిదేళ్లు, ఇంటర్ అయిపోయింది, రెండో వరుసలో సరిగ్గా నా వెనకే నిలబడుతుంది. వాళ్ల నాయనమ్మ పేరు పెట్టారు, పేరొక్కటే పాతది. పై సొ మీద ఎనిమిది లెక్కలు నిలబడి, ఇంకా మిగిలిన ఊపిరితో "సరిపోయిందా అక్కా" అని నన్నే అడిగింది.

"బాగుంది" అన్నాను. బాగుంది కూడా. నాకు అసూయగా ఉంది, రాసుకోవడానికి సిగ్గెందుకు.

జనవరి మొదటి శనివారం సార్ 'వరుసలు పెడతారు'. ఒక్కొక్కరినీ హార్మోనియం పక్కన నిలబెట్టి సరిగమలు పాడించి, ఆ ఏడాదికి ఎవరు ఏ వరుసో, సోలో పుస్తకం ఎవరిదో చెబుతారు. అప్పటికి గొంతు సర్దుకోవాలి. సర్దుకుంటుంది.

అక్టోబర్ 6, ఆదివారం

గురువారం పొద్దున పాప పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు.

కాన్పు గురించి రాయాలని ఉంది గానీ రాయను, గుర్తుంది చాలు. ఒక్కటి మాత్రం రాస్తాను. నేను అరిచిన అరుపులన్నీ సొప్రానోలో లేవు.

అక్టోబర్ 26, శనివారం

అమ్మ విజయవాడ నుంచి వచ్చి మూడు వారాలు ఉండి ఇవాళ వెళ్లింది. ఇక అత్తయ్య, నేను, పాప.

కాన్పు తర్వాత ఒళ్లు మళ్లీ నాదవుతుందనుకున్నాను. ఎవరో అద్దెకుండి ఖాళీ చేసిన ఇల్లులా ఉంది, మేకులు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. చెమటకి తెల్లారేసరికి దుప్పటి పిండుకోవచ్చు. తుమ్మితే భయం. పొట్ట ఇంకా ఆరో నెలలో ఉంది. పైన భవాని అక్క మనవడు ఏడిస్తే కింద నాకు పాలు కారిపోతాయి, జాకెట్టు తడిసిపోతుంది. పాదాలు మాత్రం ఆరో నంబరు దగ్గర స్థిరపడ్డాయి.

"మొదటి కాన్పుకి నాకు సుత గిట్లనే అయింది, పరేషాన్ గాకు" అంది భవాని అక్క. "కానీ నీ గొంతేందే, పొద్దుగాల మా ఆయన మీ ఇంట్లకెల్లి ఎవరో మొగోడు లాలి పాడుతుండని చెప్తుండు."

జలుబక్కా అన్నాను. ఆవిడ నా ముక్కు వంక చూసింది. ముక్కు శుభ్రంగా ఉంది.

నవంబర్ 9, శనివారం

అత్తయ్య పాపకి నీళ్లు పోస్తోంది. ఆశీష్ ఆఫీసులో ఉన్నాడు. తలుపేసుకుని మొదటి నుంచి చివరి దాకా సోలో పాడాను. కింద స్వరాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలీదు, నిండుగా, గుండెలో మోగుతున్నాయి. పైకి వెళ్లేసరికి మెట్లు అయిపోయాయి. 'ఇక్కడ ఊపిరి, భయపడకు' దగ్గర ఊపిరి తీసుకున్నాను. భయపడ్డాను. నోరు తెరిస్తే గాలి వచ్చింది.

మూడుసార్లు ప్రయత్నించాను. నాలుగోసారి అత్తయ్య తలుపు కొట్టి మిరియాల పాలు లోపల పెట్టి వెళ్లింది. ఆవిడ ఎప్పుడూ ఏమీ అడగదు.

ఏడ్చాను. పాదాలు పోతే పోయాయి, నడుం పోతే పోయింది. నలుగురిలో నన్ను నేను ఎవరంటే చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క సొ. అది కూడా ఎవరు తీసుకెళ్లారో తెలీదు.

నవంబర్ 14, గురువారం

ఆరు వారాల చెకప్. నేనేమీ అడగకుండానే డాక్టరమ్మ అడిగింది, "నీ గొంతు ముందు నుంచీ ఇంతేనా?"

"లేదు, జలుబు."

"కడుపుతో ఉన్నప్పుడు స్వరతంతువులు కూడా ఉబ్బుతాయమ్మా. కాన్పయ్యాక కొంతమందికి గొంతు కిందికి దిగుతుంది. చాలామందికి ఏడాదిలో వెనక్కొస్తుంది, కొందరికి కాస్త అలాగే ఉండిపోతుంది. కావాలంటే గొంతు డాక్టరుకి రాసిస్తాను."

వద్దన్నాను. నాకు జలుబు కాబట్టి ఇదంతా నాకు వర్తించదు.

నవంబర్ 30, శనివారం

ఆలిస్‌తో మాట్లాడాను. పద్దెనిమిదేళ్ల పిల్లని బతిమాలుకున్నానని కూడా రాసుకోవాలి.

ఒప్పందం ఇది. సోలో అంతా నేను పాడతాను. చివరి పై సొ దగ్గర నేను నోరు తెరుస్తాను, ఆలిస్ నా వెనక నుంచి పాడుతుంది. పాత హాలు, శబ్దం ఎక్కడినుంచి వచ్చేదీ ఎవరికీ తెలీదు.

"అక్కా, ఇది అబద్ధం కదా" అంది.

"అబద్ధం నోటితో చెబితే కదా. నేను నోరు తెరుస్తానంతే."

"సరే, కానీ చర్చిలో కదా అక్కా" అంది. ఇద్దరం వెనక బెంచీ మీద కూర్చుని మూడుసార్లు ప్రాక్టీసు చేశాం. ఎంత బాగా కుదిరిందంటే, చివరిసారి నేనే పాడాననిపించింది.

డిసెంబర్ 7, శనివారం

జుట్టు ఊడుతోంది. దువ్వెనకి, దిండుకి, పాప గుప్పిట్లో, సాంబారులో. ఎనిమిది నెలలు ఊడకుండా దాచుకున్నదంతా ఒకేసారి తిరిగిచ్చేస్తున్నాను. భవాని అక్క మెట్ల మీద చూసి "ఇప్పుడు చెప్పనా, నేను పెట్టే నూనె పేరు?" అంది.

ప్రాక్టీసులో మా మోసం బ్రహ్మాండంగా సాగింది. సామ్యూల్ సార్ కళ్లు మూసుకుని విన్నారు. "జలుబు తగ్గినట్టుందమ్మా" అన్నారు. నేను పాడని స్వరానికి మెచ్చుకున్నారు, తలూపాను. ఆల్టో వరుసలోంచి అత్తయ్య నా వైపు చూడలేదు. అలా చూడకపోవడం నాకు నచ్చలేదు.

డిసెంబర్ 25, బుధవారం

రాస్తాను. ముందు పాపకి పాలిచ్చి వస్తాను.

ఇచ్చాను. ఉదయం తొమ్మిదింటి ఆరాధన. హాలంతా కొత్త బట్టలు, పౌడరు వాసన. నాకు ఆరో నంబరు కొత్త చెప్పులు. ఆశీష్ నాలుగో బెంచీలో పాపని ఎత్తుకుని కూర్చున్నాడు. ఆలిస్ మెడకి తెల్లటి స్కార్ఫ్ చుట్టుకుని వచ్చింది. పండగ కదా, ఫ్యాషననుకున్నాను. నాతో ఏదో చెప్పబోయింది, గంట కొట్టేశారు.

సోలో మొదలైంది. కింది స్వరాలు నిండుగా వచ్చాయి, ముందు బెంచీల్లో పెద్దవాళ్లు తలలెత్తి చూశారు. మధ్యలో ఒకసారి సంతోషం కూడా వేసింది. చివరి పేజీ. ఇక్కడ ఊపిరి, భయపడకు. నోరు తెరిచాను.

వెనక నుంచి 'ఖీ' మని చిన్న శబ్దం, గేటు కిర్రుమన్నట్టు. అంతే. ఆలిస్‌కి జలుబు. నిజం జలుబు. ఏడు నెలలుగా నేను ఎవరికి పడితే వాళ్లకి చెప్పుకున్న జలుబు, సరిగ్గా ఇవాళ పొద్దున ఆ పిల్లకి పట్టింది.

నేను నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాను. ఒకటో లెక్క అయిపోయింది. మూడు వందల మంది నా కొండనాలుక చూస్తున్నారు. మూసేద్దామంటే దవడ రావడం లేదు.

రెండో లెక్క మీద ఎడమ వైపు నుంచి వచ్చింది. అదే సొ, ఒక స్థాయి కింద. గట్టిగా కాదు, తొణక్కుండా. అత్తయ్య. నా వైపు చూడకుండా ఎదురుగా గోడకేసి చూస్తూ పాడుతోంది. సామ్యూల్ సార్ చెయ్యి హార్మోనియం మీద దానంతటదే కిందికి జరిగింది. మూడో లెక్కకి నా గొంతు ఆ కింది సొ మీద వెళ్లి నిలబడింది, అక్కడ చోటుంది, హాయిగా ఉంది. ఇద్దరం ఎనిమిది దాకా పాడాం.

బయట ఎవరో సార్‌తో అంటున్నారు, "ఈ ఏడాది చివర కొత్తగా మార్చారు, భలే ఉందండీ."

ఆలిస్ స్కార్ఫ్‌లో ముఖం దాచుకుని ఏడ్చింది. నేను దాన్ని పట్టుకుని ఏడ్చాను. అత్తయ్య ఇంటికెళ్లి బిర్యానీకి బియ్యం నానబోసింది.

డిసెంబర్ 27, శుక్రవారం

జనవరి నాలుగున వరుసలు పెడతారు. ఆ రోజు పాపకి టీకా ఉందని చెబుదామనుకుంటున్నాను. టీకా నిజానికి ఆరో తేదీన, కానీ ఎవరు చూడొచ్చారు.

మధ్యాహ్నం సోలో పుస్తకం మంచం మీద పెట్టి పాపని పక్కన పడుకోబెట్టాను. అది తాగిన పాలన్నీ పుస్తకం మీద కక్కింది. అట్ట తడిసి ముద్దయింది, తీయక తప్పలేదు. పైన నా గోధుమరంగు కాగితం. దాని కింద ఎవరిదో క్యాలెండరు కాగితం. దాని కింద పాత దినపత్రిక. దాని కింద అసలు అట్ట, నీలి సిరాతో గుండ్రటి అక్షరాలు.

'పి. రోసమ్మ, మొదటి సొప్రానో, 1988.'

ఆ అక్షరాలు నాకు తెలుసు. రోజూ ఫ్రిజ్ మీద సరుకుల చీటీలో చూస్తాను. పదకొండేళ్లుగా చివరి పేజీలో పెన్సిల్‌తో కూడా చూస్తున్నాను, పోల్చుకోలేదు.

పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అత్తయ్య మిరియాలు దంచుతోంది. అట్ట చూసి రోకలి పక్కన పెట్టింది.

"అత్తయ్యా, మీరా?"

"నాలుగు క్రిస్మస్‌లు పాడాను" అంది. "తర్వాత ఆశీష్ పుట్టాడు."

"గొంతు పోయిందా?"

"పోలేదు, దిగింది. దిగి మళ్లీ ఎక్కలేదు. నేను కూడా జలుబనే చెప్పాను. ఏడాది పాటు అదే మాట. ఇంకెవరూ నమ్మేలా లేరనుకున్నాక పిల్లాడితో తీరిక లేదన్నాను. మీ మావయ్యకి కూడా చెప్పలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు? నేను మిమ్మల్ని నేల తుడుస్తున్నారని కూడా అన్నాను."

"తుడిచేవాళ్లు లేకపోతే మీరంతా ఎక్కడ నిలబడతారు?" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"జూన్లోనే తెలుసు అమ్మాయ్ నాకు. ఆ గరగర నాకు తెలీదా."

"మరి ఏడు నెలలు ఈ మిరియాల పాలు?"

అత్తయ్య దంచిన మిరియాలు అరచేత్తో ఒకచోటికి చేర్చింది. చాలా సేపు చేర్చింది.

"నీదైనా జలుబేమోనని" అంది.

జనవరి 4, శనివారం

పాపని ఆశీష్‌కి అప్పగించి అత్తాకోడళ్లం ఒకే ఆటోలో వెళ్లాం. పుస్తకం నా ఒళ్లో, ఫ్లాస్కు ఆవిడ ఒళ్లో.

నిన్న పుస్తకానికి కొత్త అట్ట వేశాను. వేసేముందు అసలు అట్ట మీద అత్తయ్య పేరు కింద నా పేరు రాశాను, 'హదస్సా, 2013 నుంచి 2024.' దాని కింద చోటు వదిలాను.

అందరూ వచ్చారు. ఆలిస్ ఇంకా దగ్గుతోంది. సామ్యూల్ సార్ ముందు నన్నే పిలిచారు. హార్మోనియం పక్కన నిలబడ్డాను. ఆయన సొప్రానో సరిగమలకి వేళ్లు పెట్టి, కళ్లద్దాల పైనుంచి చూసి, ఏడు నెలలుగా అడుగుతున్నదే అడిగారు.

"జలుబు తగ్గిందా అమ్మా?"

తగ్గింది సార్ అందామనుకున్నాను. నాలుక మీదే ఉంది.

"జలుబు కాదు సార్. కడుపుతో ఉన్నప్పుడే మారింది. పాప పుట్టాక గొంతు దిగిపోయింది. ఏడాదికి రావచ్చన్నారు, రాకపోవచ్చన్నారు. ఇప్పుడైతే పై సొ లేదు. క్రిస్మస్‌కి ముందు మీరు విన్నది నాది కాదు, ఆలిస్‌ది."

ముఖం వేడెక్కింది. అప్పుడు ఆల్టో వరుసలో కుర్చీ జరిగింది. అత్తయ్య లేచి నిలబడింది.

"నాది కూడా జలుబు కాదు సామ్యూలూ" అంది. "ఆశీష్ పుట్టినప్పుడు."

సార్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుకి తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"ముప్పై మూడేళ్లయింది రోసమ్మా" అన్నారు. "ఆ ఏడాది నేను కొత్తగా వచ్చాను. ప్రాక్టీసుకి ఆలస్యమైందని నలుగురిలో నిన్ను కేకలేశాను. అందుకే కోపగించుకుని వెనక్కి వెళ్లిపోయావనుకున్నాను ఇన్నేళ్లూ."

"ఆ కేకలు నాకు గుర్తే లేవు" అంది అత్తయ్య.

పుస్తకం ఆలిస్‌కిచ్చాను. అత్తయ్య మిరియాల పాల ఫ్లాస్కు కూడా దానికే ఇచ్చింది, వేడిగా ఉన్నప్పుడే తాగమని. సార్ నన్ను కింది స్వరాలు పాడమన్నారు, పాడాను. "ఇవి ఇంతకుముందు నీ దగ్గర లేవు కదమ్మా" అన్నారు. లేవు. అత్తయ్య తన పక్క కుర్చీ మీది చేతిసంచి తీసి కింద పెట్టింది. వెళ్లి కూర్చున్నాను. ఆ వరుసకి ఫ్యాను గాలి బాగా తగులుతుంది, పదకొండేళ్లు నాకు తెలీలేదు.

ఇంటికొచ్చాక పాపకి పాలిస్తుంటే అత్తయ్య గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. అలవాటుగా ఊదుకుని తాగాను. కాఫీ.